అద్దె ఎవరు కడుతున్నారు? – అమెరికన్ టెలివిజన్‌లో యువతుల కథ

టెలివిజన్ హాస్యకథలను గురించి ఇట్లాంటి పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. ఆశ్చర్యం సహజమే. నవలను, నాటకాన్ని, కవిత్వాన్ని, ఆఖరికి సినిమాను కూడా తూచడానికి మన దగ్గర తూనికరాళ్లున్నాయి. టెలివిజన్‌ను మాత్రం వ్యాపారుల వినోదమని పక్కకు నెట్టివేయడమే అభ్యుదయమని మనలో చాలామంది అనుకుంటున్నారు. కాని మన కళాశాలల్లో చదివే అమ్మాయిలూ అబ్బాయిలూ అర్ధరాత్రి దాటేదాకా చూసేవి ఆ కథలనే. వాళ్లు చూస్తున్నదాన్ని మనం పరిశీలించకపోతే నష్టం టెలివిజన్‌కు కాదు, మనకే.

ఈ వ్యాసానికి కారణం ఒక చిన్న వాదన. మా అధ్యయన తరగతికి వచ్చే ఒక విద్యార్థిని అమెరికన్ ధారావాహిక 'గర్ల్స్'ను మెచ్చుకుంటూ నాలుగు మాటలు చెప్పింది. వెంటనే ఒక ఉపాధ్యాయ మిత్రుడు, అది క్షీణదశలో ఉన్న బూర్జువా సంస్కృతి అనీ, దాన్ని చర్చించడం కాలయాపన అనీ కొట్టిపారేశాడు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "మాస్టారూ, అందులో మొదటి దృశ్యమే డబ్బును గురించి. మీరు చూశారా?" అని అడిగింది. ఆయన చూడలేదు. పక్కనే కూర్చుని తల ఊపిన నేనూ చూడలేదు. చదవని పుస్తకం మీద తీర్పు చెప్పేవాణ్ణి మనం విమర్శకుడని అనం. మరి చూడని కథ మీద తీర్పు చెప్పిన మమ్మల్ని ఏమనాలి? ఆ సిగ్గుతోనే ఆ ధారావాహికను ఆద్యంతం చూశాను. దాని వెనుక ఉన్న యాభై ఏళ్ల చరిత్రను కూడా తిరగవేశాను. నాకు తేలిన సంగతులను పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందుగా నా కొలబద్ద ఏమిటో చెప్పడం న్యాయం. సొంత కాళ్ల మీద నిలబడబోయే యువతి కథలో ఆమె ప్రేమలు, స్నేహాలు, కలలు ఎట్లాగూ ఉంటాయి. నేనడిగే ప్రశ్న ఒక్కటే: ఆమె ఉంటున్న గదికి అద్దె ఎవరు కడుతున్నారు? ఇది మోటు ప్రశ్న అనీ, కళను పద్దుల పుస్తకంగా మారుస్తున్నాననీ ఎవరైనా ఆక్షేపించవచ్చు. కాని ఈ కథలన్నిటిలోనూ స్వేచ్ఛ అంటే మొట్టమొదట తన గది, తన తాళంచెవి. ఆ తాళంచెవిని నెలనెలా డబ్బుపోసి కొనుక్కోవాలి. కనుక ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తున్నదో కథ చూపుతున్నదా, దాస్తున్నదా అన్నదాన్ని బట్టి ఆ కథ ఎవరి కళ్లతో లోకాన్ని చూస్తున్నదో తెలుసుకోవచ్చునని నా అభిప్రాయం.

1966 సెప్టెంబరులో ఏబీసీ సంస్థ 'దట్ గర్ల్' అనే హాస్య ధారావాహికను ప్రారంభించింది. ఆన్ మేరీ అనే అమ్మాయి నటి కావాలనే కోరికతో న్యూయార్కు వచ్చి ఒంటరిగా ఉంటుంది. పెళ్లికాని యువతి తండ్రి ఇంట్లోనూ భర్త ఇంట్లోనూ కాకుండా తన గదిలో తాను ఉండడమే ఆనాటి టెలివిజన్‌కు కొత్త. నాటకాల్లో వేషాలు దొరకని రోజుల్లో ఆమె చిల్లర ఉద్యోగాలు చేస్తుంది. అయితే ఆమె తొడిగే దుస్తులూ ఆమె గది హంగులూ ఆ చిల్లర ఉద్యోగాలకు అందేవి కావు. 1971లో ధారావాహికను పెళ్లితో ముగించాలనే ఒత్తిడి వచ్చినప్పుడు, ఆ పాత్ర ధరించిన మార్లో థామస్ ఒప్పుకోలేదు. ఆడపిల్ల కథకు పెళ్లి ఒక్కటే ముగింపు అని చెప్పడం ఆమెకు ఇష్టంలేకపోయింది. ఆ నిరాకరణ చిన్నదేమీ కాదు. అయినప్పటికీ ఆ కథలో స్వేచ్ఛ ఉన్నదిగాని దాని ఖరీదు లేదు.

ఖరీదును బయటపెట్టినది 1970లో సీబీఎస్‌లో మొదలై 1977 దాకా నడిచిన 'మేరీ టైలర్ మూర్ షో'. ముప్పైయేళ్ల మేరీ రిచర్డ్స్ మినియాపొలిస్ నగరంలో ఒక టెలివిజన్ వార్తా విభాగానికి సెక్రటరీ ఉద్యోగం కోసం వెళుతుంది. ఆ ఉద్యోగం అప్పటికే భర్తీ అయింది. దానికి బదులు అసోసియేట్ ప్రొడ్యూసర్ ఉద్యోగం ఇస్తామంటారు. కాని జీతం సెక్రటరీకి ఇచ్చేదానికంటే వారానికి 10 డాలర్లు తక్కువ. హోదా పెరిగింది, జీతం తగ్గింది. ఆ ఒక్క హాస్య సన్నివేశంలో ఒక తరం మధ్యతరగతి ఉద్యోగినుల అనుభవమంతా ఇమిడి ఉన్నది.

1972లో ప్రసారమైన మరొక భాగంలో, తనకు ముందు ఇదే పని చేసిన పురుషుడికి వారానికి 50 డాలర్లు ఎక్కువ ఇచ్చారని మేరీకి తెలుస్తుంది. ఎందుకని నిలదీస్తుంది. అతనికి పోషించవలసిన కుటుంబం ఉన్నదని పై అధికారి సమాధానం. మగవాడి జీతం ఇంటిని నిలబెట్టడానికి, ఆడదాని జీతం ఆమె చేతిఖర్చుకు అనే సిద్ధాంతం ఇక్కడ నగ్నంగా కనిపిస్తుంది. సమాన పనికి సమాన వేతనమనే చట్టం అమెరికాలో 1963లోనే వచ్చింది. చట్టం వచ్చిన తొమ్మిదేళ్లకు కూడా ఆ సంభాషణకు ప్రేక్షకులు నవ్వారంటే, తమ కార్యాలయాల్లో వినని మాట కాదు గనుకనే నవ్వారు.

మేరీ ఆఫీసు ఉద్యోగిని. కర్మాగారంలో పనిచేసే యువతులు తెరమీదికి రావడానికి 1976 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. 'లవర్న్ అండ్ షర్లీ' నాయికలిద్దరూ మిల్వాకీలో ఒక బీరు కార్ఖానాలో సీసాలకు మూతలు బిగించే పని చేస్తారు. నేలమాళిగలోని అద్దె ఇంట్లో ఉంటారు. కథాకాలం 1950ల చివరి సంవత్సరాలు. ఇందులో సిద్ధాంత చర్చలు లేవు. పడడం, లేవడం, గోడలకు గుద్దుకోవడం వంటి మోటు హాస్యమే ఎక్కువ. విమర్శకులు దీన్ని పెద్దగా లెక్కచేయలేదు. ప్రజలు మాత్రం లెక్కచేశారు. 1977–78, 1978–79 సంవత్సరాల్లో అమెరికాలో అందరికంటే ఎక్కువమంది చూసిన ధారావాహిక ఇదే.

ఈ వాస్తవం దగ్గర పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. శ్రామిక యువతుల కథ ఎవరికీ పట్టదని వ్యాపారులు చెప్పే మాట అబద్ధమని రుజువు చేయడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఈ కథలో అద్దె ఎవరు కడుతున్నారనే ప్రశ్న అడగనవసరమే లేదు. మూతలు బిగించే చేతులు కడుతున్నాయి.

కాని ఆ చేతులకు ఏమయిందో చూడండి. 1980లో మొదలైన ఆరో సీజన్‌లో మూతలు బిగించే యంత్రం రావడంతో ఆ ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. వాళ్లు కాలిఫోర్నియాకు తరలిపోయి ఒక పెద్ద దుకాణంలో కానుకలకు కాగితాలు చుట్టే పనిలో చేరతారు. రచయితలు కథకు కొత్తదనం కోసమే ఇట్లా చేసి ఉండవచ్చు. కాని చరిత్ర ఆ కథను వెంటాడింది. మరుసటి ఏడే, 1981లో, మిల్వాకీ నగరానికి పేరు తెచ్చిన ష్లిట్జ్ బీరు కంపెనీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె తరువాత యాజమాన్యం ఆ కార్ఖానాను మళ్లీ తెరవలేదు. ఆ దశాబ్దంలో అమెరికా పారిశ్రామిక నగరాల్లో ఇట్లా మూతబడిన గేట్లు ఎన్నో. సీసాల దగ్గరినుంచి కానుకల దగ్గరికి, కర్మాగారం నుంచి దుకాణానికి లవర్న్, షర్లీ చేసిన ప్రయాణం ఒక వర్గం మొత్తానికి బలవంతపు ప్రయాణమయింది. 1983లో ఆ ధారావాహిక ముగిసింది. అంత విశేషమైన ఆదరణతో మళ్లీ కర్మాగారపు యువతులు నాయికలుగా రాలేదు.

ఇక బ్రూక్లిన్‌కు వద్దాం. 'గర్ల్స్' నడిచేది అక్కడే గనుక, అంతకుముందు అక్కడ ఎవరి కథ నడిచిందో తెలుసుకోవడం అవసరం. 1993 ఆగస్టులో ఫాక్స్ సంస్థలో 'లివింగ్ సింగిల్' ప్రారంభమయింది. యివెట్ లీ బౌజర్ అనే నల్లజాతి రచయిత్రి దాని సృష్టికర్త. బ్రూక్లిన్‌లో ఒకే కప్పు కింద జీవించే నల్లజాతి యువతుల కథ అది. క్వీన్ లతీఫా ధరించిన ఖదీజా జేమ్స్ ఒక పత్రికకు సంపాదకురాలు, యజమానురాలు. ఆమె చుట్టం సింక్లేర్ అదే పత్రికలో చిన్న ఉద్యోగిని. పత్రిక నడపడంలోని ఆర్థిక బాధలు కథలో భాగాలే. మరుసటి సంవత్సరం 1994లో అదే నిర్మాణ సంస్థ తయారుచేసిన 'ఫ్రెండ్స్' మరొక ఛానెల్‌లో వచ్చింది. అందులోని వాళ్లు తెల్లవాళ్లు. ప్రపంచం 'ఫ్రెండ్స్'ను గుర్తుపెట్టుకున్నది, ముందు వచ్చినదాన్ని మరచిపోయింది. ఏది మొదటిది, ఏది గొప్పది అనే తగవు కోసం ఈ మాట చెప్పడం లేదు. బ్రూక్లిన్ యువతుల కథ అనగానే ఏ ముఖాలు మనసులో మెదులుతాయో ఆ అలవాటు కూడా తయారుచేసిన సరుకేనని చెప్పడానికి చెబుతున్నాను.

'గర్ల్స్' 2012 ఏప్రిల్ 15న హెచ్‌బీఓలో మొదలై 2017 ఏప్రిల్ 16న ముగిసింది. ఆరు సీజన్లు, 62 భాగాలు. దాన్ని సృష్టించి, ప్రధాన పాత్ర హానా హార్వత్‌ను కూడా ధరించిన లీనా డనమ్‌కు మొదలుపెట్టిననాటికి 25 ఏళ్లు. హానా రచయిత్రి కావాలనుకుంటుంది. మార్నీ, జెస్సా, షొషానా ఆమె స్నేహితురాళ్లు. ఆ కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 2008 ఆర్థిక సంక్షోభం మీద కోపంతో 2011 సెప్టెంబరులో న్యూయార్కు జుకోటి పార్కులో వాల్‌స్ట్రీట్ ఆక్రమణ ఉద్యమం మొదలయింది. ఆ గుడారాల్లో కూర్చున్నవారిలో ఎందరో చదువుకోసం అప్పుచేసి, చదువు ముగిశాక ఉద్యోగం లేనివారు. 2012 ప్రాంతంలో అమెరికా విద్యార్థుల మొత్తం రుణభారం ఒక ట్రిలియన్ డాలర్లు, అంటే లక్ష కోట్ల డాలర్లు దాటింది. ఈ పొగ ఇంకా ఆరకముందే 'గర్ల్స్' తెరమీదికి వచ్చింది.

కథాస్థలానికి కూడా ఒక చరిత్ర ఉన్నది. హానా ఉండేది గ్రీన్‌పాయింట్‌లో. అది చాలాకాలం పోలిష్ వలస శ్రామికులు నివసించిన పేట. దాని పక్కనే విలియమ్స్‌బర్గ్‌లో నదిఒడ్డున డామినో పంచదార కర్మాగారం ఉండేది. అక్కడి కార్మికులు 1999లో సమ్మె కట్టి ఇంచుమించు 20 నెలలు నిలబడ్డారు. 2004లో ఆ శుద్ధి కర్మాగారం మూతబడింది. 2005లో నగర ప్రభుత్వం ఆ రెండు పేటల నదీతీరపు పారిశ్రామిక భూముల్లో నివాస భవనాలు కట్టుకోవడానికి నిబంధనలు మార్చింది. ఆపైన ఆకాశహర్మ్యాలు లేచాయి, అద్దెలు పెరిగాయి, పాతవారు తట్టాబుట్టా సర్దుకున్నారు. హానా వంటి యువతులు కాఫీ కప్పులతో నడిచే ఆ వీధుల కింద ఒక సమ్మె చరిత్ర పూడుకుపోయి ఉన్నది. ధారావాహికలో దాని ఊసు లేదు.

అయినప్పటికీ మా విద్యార్థిని చెప్పింది నిజం. మొదటి దృశ్యమే డబ్బును గురించి. కళాశాల చదువు ముగిసి రెండేళ్లయినా హానా అద్దె తల్లిదండ్రులే కడుతున్నారు. వాళ్లిద్దరూ మిషిగన్‌లో అధ్యాపకులు. కూతుర్ని హోటల్లో భోజనానికి కూర్చోబెట్టి, ఇకమీదట డబ్బు ఇవ్వబోమని చెబుతారు. అరవై ఆరు నుంచి టెలివిజన్ మర్యాదకు దాచుకుంటూ వచ్చిన పద్దుల పుస్తకాన్ని మొదటి నిమిషంలోనే బల్లమీద తెరిచి పెట్టినందుకు లీనా డనమ్‌ను మెచ్చుకోక తప్పదు. నా అద్దె ప్రశ్నను ఈ కథ నాకంటే ముందే అడిగింది.

తరువాత ఏం జరుగుతుంది? హానా ఒక ప్రచురణ సంస్థలో ఏడాదికి పైగా జీతం లేకుండా ఇంటర్న్‌గా పనిచేస్తున్నది. ఇంట్లోవాళ్లు డబ్బు ఆపారు కనుక తనకు జీతం ఇమ్మని యజమానిని అడుగుతుంది. జీతం అడగడాన్ని ఆయన రాజీనామాగానే తీసుకుని, మర్యాదగా నవ్వుతూ సాగనంపుతాడు.

ఈ సన్నివేశం కల్పన కాదు, ఆనాటి న్యాయస్థానాల్లో నలుగుతున్న వ్యవహారం. అమెరికాలో కనీస వేతనాన్ని ఏర్పరచిన చట్టం 1938 నాటిది. శిక్షణ పొందేవారికి అది ఎప్పుడు వర్తించదో 1947లో రైల్వే శిక్షణార్థుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. లాభాపేక్షగల సంస్థలు జీతంలేని ఇంటర్న్‌లను పెట్టుకోవడానికి ఆరు షరతులుండాలని 2010లో కార్మికశాఖ గుర్తుచేసింది. 2010లో వచ్చిన 'బ్లాక్ స్వాన్' సినిమా నిర్మాణంలో జీతం లేకుండా పనిచేసిన యువకులు 2011లో దావా వేశారు. వాళ్లు ఉద్యోగులేనని, జీతం ఇవ్వవలసి ఉండిందని 2013 జూన్‌లో కింది కోర్టు తీర్పు చెప్పింది. 2015 జూలైలో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దుచేసి, ఆ ఏర్పాటువల్ల ఎక్కువ మేలు ఎవరికి అన్నదే కొలబద్ద అన్నది. 2018లో కార్మికశాఖ కూడా పాత ఆరు షరతులను వదిలి ఆ కొత్త కొలబద్దనే స్వీకరించింది. మేలు ఎవరికో తేల్చవలసిన భారం మళ్లీ జీతంలేనివాడి మీదే పడింది.

జీతంలేని పని అందరూ చేయలేరు. అద్దె కట్టే తండ్రి ఉన్నవాళ్లే చేయగలరు. ప్రచురణ సంస్థలు, సినిమా సంస్థలు, చిత్రశాలలు, పత్రికలు తమ గుమ్మం దగ్గర ఈ జీతంలేని సంవత్సరాన్ని అడ్డుకర్రగా పెట్టినప్పుడు, దాన్ని దాటి లోపలికి వచ్చేవాళ్లెవరో ముందే నిర్ణయమైపోతుంది. రేపు కథలు రాసేవాళ్లు, ఏ కథ అచ్చుకావాలో తేల్చేవాళ్లు వాళ్లే. 'గర్ల్స్'లో నాలుగు ప్రధాన పాత్రలు ధరించినవారూ ప్రసిద్ధుల సంతానమే. లీనా డనమ్ తల్లిదండ్రులు పేరున్న చిత్రకళాకారులు. మిగిలిన ముగ్గురి తండ్రులలో ఒకరు టెలివిజన్ వార్తల ప్రయోక్త, ఒకరు నాటకకర్త, ఒకరు రాక్ సంగీత బృందంలో డ్రమ్ము వాయించేవారు. ఈ మాట ఎత్తి 2012లో చాలామంది ఎగతాళి చేశారు. పుట్టుకను బట్టి కళను తూచడం మన పద్ధతి కాదు. ఆ నలుగురూ మంచి నటులు. తప్పు వాళ్ల పుట్టుకలో లేదు, అడ్డుకర్రలో ఉన్నది. సుమారు మూడోవంతు నల్లజాతి ప్రజలున్న బ్రూక్లిన్ కథలో నాలుగు ముఖాలూ తెల్లవి కావడానికి కూడా ఆ అడ్డుకర్రతో సంబంధం లేదని ఎవరైనా అనగలరా?

ఇప్పుడు ఆ మొదటి భాగంలోని చివరి సన్నివేశానికి వస్తాను. నా మనసులో గట్టిగా నాటుకున్నది అదే. తల్లిదండ్రులు దిగిన హోటలు గదిలో హానా నిద్రలేస్తుంది. వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. బల్లమీద ఆమెకోసం కొంత డబ్బు, గది శుభ్రంచేసే మనిషి కోసం విడిగా కొంత డబ్బు పెట్టి వెళ్లారు. హానా తన డబ్బు తీసుకుంటుంది. ఒక క్షణం ఆలోచించి రెండోదీ తీసుకుంటుంది. తరువాత వీధిలోకి నడిచిపోతుంది.

రచయిత్రికి ఇది ఏమిటో తెలుసు. తెలియకపోతే ఆ సన్నివేశం రాయదు. జీతం అడిగి పోగొట్టుకున్న అమ్మాయి మరుసటి పూట ఇంకొక స్త్రీ కూలిలోంచి లాక్కుంటుంది; పైనుంచి పడిన దెబ్బను కిందికి దించుతుంది. మధ్యతరగతి స్వభావం మీద ఇంత చురుకైన విమర్శ మన కథల్లో కూడా అరుదు. కాని కెమెరా హానాతోపాటు వీధిలోకి వెళ్లిపోతుంది. గది ఊడ్వడానికి వచ్చిన మనిషి ఖాళీ బల్లను చూసే దృశ్యం లేదు. ఆమె ముఖం మనకు కనిపించదు. ఆమె కూడా యువతే కావచ్చు, ఆమె కూడా ఎక్కడో అద్దె కడుతూ ఉండవచ్చు.

అదే సీజన్ నాలుగో భాగంలో జెస్సా పిల్లల్ని ఆడించే పనిలో ఉంటుంది. పార్కులో తక్కిన ఆయాలతో కూర్చుని, మీరంతా యూనియన్ పెట్టుకోవాలని వాళ్లకు ఉపన్యాసం ఇస్తుంది. ఆ ఉపన్యాసపు హడావిడిలో తాను కాపలా కాయవలసిన పిల్లలు కనిపించకుండా పోతారు; తరువాత దొరుకుతారు. పని చేతకాని మనిషి పనివాళ్లకు సంఘం నేర్పబోవడం మీద నవ్వు. మనలాంటివాళ్ల మీద కూడా ఆ నవ్వు పడుతుంది కనుక నేను దానికి కోపగించుకోను.

కాని చరిత్ర తెలిసినవాడికి ఆ సన్నివేశంలో ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. కార్మిక సంఘాల హక్కును గుర్తించిన 1935 చట్టం ఇంటిపనివాళ్లనూ వ్యవసాయ కూలీలనూ మినహాయించింది. ఆ పనుల్లో నల్లజాతివారు ఎక్కువగా ఉండడం, దక్షిణాది రాజకీయ నాయకుల ఒత్తిడి ఆ మినహాయింపుకు కారణాలని చరిత్రకారులు చాలామంది రాశారు. అంటే చట్టం ఇచ్చే రక్షణతో యూనియన్ పెట్టుకునే దారి ఆ ఆయాలకు మూసి ఉన్నది. దారి మూసి ఉన్నా వాళ్లు ఊరుకోలేదు. న్యూయార్కులో కరిబియన్, లాటిన్ అమెరికన్, ఆఫ్రికన్ దేశాలనుంచి వచ్చిన ఆయాలు, ఇంటిపని స్త్రీలు 2000లో 'డొమెస్టిక్ వర్కర్స్ యునైటెడ్' అనే సంస్థగా ఏర్పడ్డారు. ఏళ్లతరబడి రాజధాని ఆల్బనీకి వెళ్లి శాసనసభ్యుల తలుపులు తట్టారు. 2010 ఆగస్టు 31న గవర్నరు సంతకంతో ఇంటిపనివాళ్ల హక్కుల చట్టం వచ్చింది. అమెరికాలో ఒక రాష్ట్రం అటువంటి చట్టం చేయడం అదే మొదటిసారి. వారానికి 40 గంటలు దాటితే, యజమాని ఇంట్లోనే ఉండేవారికి 44 గంటలు దాటితే, ఒకటిన్నర రెట్ల కూలి. వారానికి ఒకరోజు విశ్రాంతి. ఏడాది పనిచేసినవారికి ఏటా మూడు రోజులు జీతంతో సెలవు. కోరినవన్నీ రాలేదు, అయినా గెలుపు గెలుపే.

జెస్సా ఉపన్యాసం ప్రసారమైంది 2012లో. అప్పటికి ఆ చట్టం అమలులోకి వచ్చి ఏడాదిన్నర. నిజమైన న్యూయార్కు పార్కులో ఆ బల్లమీద కూర్చున్న ఆయాలలో ఒకరు ఆల్బనీకి వెళ్లి వచ్చినవారే అయి ఉండవచ్చు. పాఠం చెప్పవలసింది ఆమె, వినవలసింది జెస్సా. ధారావాహిక జెస్సాను చూసి నవ్విందిగాని ఆయాను మాట్లాడనివ్వలేదు. అందువల్ల ఆ హాస్యం సగంలో ఆగిపోయింది.

హాస్యం సగంలో ఆగకుండా చివరిదాకా పోతే ఎట్లా ఉంటుందో మనకు తెలియనిది కాదు. 1909లో విస్తృతరూపంలో వెలువడిన 'కన్యాశుల్కం'లో గిరీశం ఇంగ్లీషు చదివిన యువకుడు, మాటకారి. పూటకూళ్లమ్మ డబ్బు వాడుకుని మధురవాణి దగ్గర దర్జా వెలగబెడతాడు. గురజాడ పూటకూళ్లమ్మను తెరవెనుక ఉంచలేదు. చీపురు పుచ్చుకుని మధురవాణి ఇంటికే రప్పించాడు. గిరీశం మంచం కింద దూరతాడు. దెబ్బలు రామప్పంతులుకు తగిలితే తగిలాయిగాని, ఎవరి సొమ్ముతో ఆ సంస్కార ఉపన్యాసాలు సాగుతున్నాయో సభలో ప్రతివాడికీ తెలిసిపోతుంది. వంట చేసి అన్నం పెట్టిన మనిషి రంగం మీదికి వచ్చి తన బాకీ అడగడం అక్కడ నాటకానికి ప్రాణం. హోటలు గదిలోని ఆ బల్ల దగ్గరికి కూడా ఒక చీపురు రావలసి ఉండింది.

దీనికొక జవాబు ఉన్నది. హానా స్వార్థపరురాలని కథే చెబుతున్నది, ఆమె చూపు ఎంతవరకు పోతుందో కథ అంతవరకే పోవడం శిల్పధర్మం అని కొందరంటారు. ఒక పాత్ర చూపుకు కట్టుబడి రాయడం శిల్పమేనని ఒప్పుకుంటాను. కాని 62 భాగాల కథలో హానాను విడిచి మార్నీతో, షొషానాతో, మగపాత్రలతో కూడా కెమెరా ఎన్నోసార్లు నడిచింది. అందరి వెంటా నడిచి ఒక్క పనిమనిషి వెంట నడవకపోవడం శిల్పధర్మం కాదు. అది అలవాటు.

ముగింపు కూడా ఆ అలవాటునే బలపరిచింది. చివరి సీజన్‌లో హానాకు నగరం బయట ఒక కళాశాలలో బోధన ఉద్యోగం దొరుకుతుంది. బిడ్డను కని అక్కడ స్థిరపడుతుంది. ఆనాటికి అమెరికన్ కళాశాలల బోధకుల్లో సగానికంటే ఎక్కువమంది శాశ్వత నియామకానికి నోచుకోనివారే. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకు ఆ బతుకేమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. ఏటికేడు కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పాఠాలు చెప్పేవారు మన కళాశాలల్లోనూ ఉన్నారు. తండ్రి డబ్బు ఆగిపోవడంతో మొదలైన కథ, దారిన దొరికిన ఉద్యోగంతో ముగిసింది. తెరిచిన పద్దుల పుస్తకాన్ని లెక్క తేలకుండానే మూసివేశారు.

అయినా చరిత్ర అక్కడితో ఆగలేదు. 2016 అక్టోబరులో అదే హెచ్‌బీఓలో ఇస్సా రే అనే నల్లజాతి రచయిత్రి, నటి 'ఇన్‌సెక్యూర్'ను ప్రారంభించింది. ఆమె ఏ ఛానెల్ గుమ్మం దగ్గరా కాచుకోకుండా 2011లో ఇంటర్నెట్‌లో తన సొంత ధారావాహిక మొదలుపెట్టి ప్రేక్షకులను సంపాదించుకున్నది. అడ్డుకర్రను చుట్టి వచ్చిన మనిషి. ఆమె కథలో మాలీ అనే న్యాయవాది ఉన్నది. 2017 నాటి భాగాల్లో పొరపాటున ఆమె చేతికి తెల్లజాతి సహోద్యోగి జీతపు చెక్కు వస్తుంది. అతనికి తనకంటే ఎంత ఎక్కువ ఇస్తున్నారో చూసి నివ్వెరపోతుంది. 1972లో మేరీ అడిగిన ప్రశ్న 45 ఏళ్ల తరువాత మాలీ చేతిలో కాగితమై వచ్చింది. చట్టం వచ్చి అప్పటికి 54 ఏళ్లు.

కనుక మా ఉపాధ్యాయ మిత్రుడికి నా మనవి ఇది. క్షీణ సంస్కృతి అనే ఒక్క మాటతో ఈ కథలన్నిటినీ ఒకే గాటన కట్టడం మార్క్సిజం కాదు, బద్ధకం. మేరీ వారానికి 50 డాలర్ల తేడా, లవర్న్ మూతల యంత్రం, హానా జీతంలేని ఏడాది, మాలీ చెక్కు – ఇవి ఒక దేశపు స్త్రీల శ్రమచరిత్రలో పుటలు. వ్యాపారి అచ్చువేసినంత మాత్రాన ఆ పుటల్లో రాసి ఉన్నది మారదు. మా విద్యార్థినికి కూడా ఒక మనవి ఉన్నది. మొదటి దృశ్యం డబ్బును గురించేనని నువ్వు పట్టుకున్నావు, నేను పట్టుకోలేకపోయాను. అదే భాగపు చివరి దృశ్యాన్ని కూడా వదలకు.

ఈ వ్యాసం రాసే ముందు ఈ సంగతులన్నీ ఆమెతో చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మా హాస్టల్లో గదులు ఊడ్చే అక్క పేరు నాకు తెలియదు మాస్టారూ" అన్నది. మా కళాశాలలో పదిహేనేళ్లుగా నా గది ఊడుస్తున్న మనిషి పేరు నాకూ తెలియదు. మరునాడు అడిగి తెలుసుకున్నాను. జీతం ఎంతో కూడా అడిగాను. మూడు నెలలుగా అందలేదని చెప్పింది. మా ఉపాధ్యాయ సంఘం తరువాతి సమావేశంలో మొదటి అంశంగా దాన్ని పెట్టించాను.